వదిన తాళం వేసిన పెట్టె

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా వదిన ఆ మాట ఎప్పుడూ విన్నట్టు లేదు. రోబో ఆగిపోయిందంటే దాని ముందు నిలబడి, తాగొచ్చిన మొగుణ్ణి తిట్టినట్టు తిట్టేది. మా షెడ్డులో పద్నాలుగు రోబోలు. బరువైన గేరుబాక్సు గుల్లల్ని ఎత్తి డ్రిల్లింగ్ మెషిన్లలో పెడతాయి. ఒక్కోటి టన్నున్నర బరువు. వాటి రోగాలు కుదిర్చేది ఆవిడే కాబట్టి అందరూ డాక్టరమ్మ అనేవారు. నేను అదే షెడ్డులో వెల్డర్ని.

ఆవిడ చేరిన మొదటి వారం సంగతి చెబుతాను. ఆరో నంబర్ రోబో రోజుకు ఇరవై సార్లు ఆగిపోతోంది. ముగ్గురు మహానుభావులు దాని కంట్రోలర్ పెట్టె తెరిచి, లోపలి కార్డులన్నీ మార్చి పారేశారు. ఏం లాభం, మళ్ళీ అదే పాట. ఆవిడ పెట్టె ముట్టుకోలేదు. మీటరు తగిలించి, రోబో మోచేతి దగ్గరి కేబుల్ని జానెడు జానెడు వంచుకుంటూ పోయింది. ఒకచోట మీటరు కూత ఆగిపోయింది. పైతొడుగు నిగనిగలాడుతోంది, లోపల తీగ తెగింది. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టారని అందరి ముందూ అనేసింది. ఆ ముగ్గురూ నెల రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఆ ఆరో నంబర్ దగ్గర ఆపరేటర్ మా అన్నయ్య. రోబో ఆగినా ఆగకపోయినా డాక్టరమ్మకు కబురు పంపేవాడు. ఆవిడ వచ్చి, చూసి, మెషిన్‌కు కాదు నీకే ఏదో రోగం ఉందని తిట్టి వెళ్ళేది. ఏడాది తిరిగేసరికి మా ఇంటి కోడలైంది. గోళ్ళలో గ్రీజున్న కోడలేమిటని మొదట్లో గొణిగిన అమ్మ, ఆర్నెల్లకే నన్నూ అన్నయ్యనూ పక్కనబెట్టి ఆవిడతోనే ఇంటి సంగతులన్నీ మాట్లాడేది.

మా సూపర్‌వైజర్‌ని గడియారం అనేవాళ్ళం. మెషిన్ రెండు నిమిషాలు ఆగితే నిప్పు తొక్కిన కోతిలా గెంతేవాడు. అన్నయ్య మీద మరీను. గుల్ల ఇరుక్కున్నప్పుడల్లా వదిన కోసం ఎదురుచూస్తాడని రోజూ అందరిలో నిలబెట్టి కడిగేసేవాడు.

ఆ రోజు పొద్దున పదిన్నర దాటింది. షెడ్డు ఈ చివర నేను రోబో గుల్లను పట్టుకునే ఇనుప వేలొకటి వెల్డ్ చేస్తున్నాను. వదిన పక్కన నిలబడి, ఇది అతుకా, ముద్దా అని సణుగుతోంది. అప్పుడు అరుపు వినబడింది. ఒక్క అరుపే. మేం పరిగెత్తేసరికి ఆరో నంబర్ చుట్టూ ఉన్న ఇనుప కంచె గేటు బార్లా తెరిచి ఉంది. అది తెరిస్తే రోబో దానంతటదే ఆగిపోవాలి. రోబో చెయ్యి అన్నయ్యను డ్రిల్లింగ్ మెషిన్ అంచుకేసి అదిమి పట్టుకొని ఆగిపోయింది. నోట్లోంచి నెత్తురు ధారగా కారుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

రోబో చేతిని బిగబట్టిన బ్రేకు వదలమని అందరూ అరిచారు. నేనూ అరిచాను. చాలు నోళ్ళు మూయమని వదిన మా అందరి మీదా అరిచింది. ఆ స్థితిలో బ్రేకు వదిలితే చెయ్యి లేవదు, ఇంకా కిందికి కూలుతుంది. క్రేను రప్పించి, రోబో భుజానికి బెల్టు చుట్టి, బరువు క్రేను మీద పడ్డాక అప్పుడు బ్రేకు బటన్ నొక్కింది. నాలుగు నిమిషాలు పట్టింది. చెయ్యి జానెడు లేచింది. అన్నయ్య నా మీదికి జారాడు. ఛాతీ అనేది మిగల్లేదు. నా ఒళ్ళోనే ప్రాణం పోయింది.

వదిన ఏడవలేదు. అంబులెన్సులో శవాన్ని పెడుతుంటే నేను ఎక్కబోయాను. ఆవిడ నా చొక్కా పట్టి ఆపి, ఆ శబ్దం వినమంది. ఆరో నంబర్ వైపు నుంచి టక్, టక్ అని వస్తోంది. కంట్రోలర్ పెట్టెలో కరెంటు తెగి మళ్ళీ కలిసే చప్పుడు.

పరుగున వెళ్ళి చూస్తే గడియారం అత్యవసర ఎర్ర బటన్ నొక్కుతున్నాడు, తిప్పి వదులుతున్నాడు, మళ్ళీ నొక్కుతున్నాడు. కంట్రోలర్ తనలో జరిగినదంతా వరుసగా రాసుకుంటుంది. ఎన్ని గంటలకు, ఏ పని, ఎవరికిచ్చిన రహస్య నంబర్‌తో. కానీ వంద వరుసలే దానికి చోటు. నూట ఒకటోది రాగానే మొదటిది చెరిగిపోతుంది. బటన్ నొక్కిన ప్రతిసారీ ఒక వరుస. అంటే మా అన్నయ్య ఎలా చచ్చాడో ఆ వెధవ వేలితో తుడిచేస్తున్నాడు. అప్పటికే అన్నయ్యే కంచె దూకి చచ్చాడని ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పేశాడు కూడా.

వదిన పెట్టె మెయిన్ స్విచ్ కిందికి లాగి, దాని బెజ్జంలో తన తాళం వేసింది. మెషిన్‌లోకి వెళ్ళే ముందు ఎవరి తాళం వాళ్ళు వేసుకోవడం మా పని పద్ధతి. వేసినవాళ్ళు తప్ప ఇంకెవరూ తియ్యకూడదు.

గడియారం ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళను పిలిచాడు. ఒకడి చేతిలో తాళాలు కోసే గడ్డపారంత పొడుగు కట్టర్. నాకు ఒళ్ళు మండిపోయింది. గడియారం జుట్టు పట్టి ముఖాన్ని కంచెకేసి కొట్టాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ముక్కు చితికింది. ఆ చప్పుడు నాకు హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు చెప్పాలి. రెండోవాడు నా దవడ మీద లాఠీతో కొట్టాడు, రెండు పళ్ళు ఊడాయి. కట్టర్ వాడు వదినను నెట్టాడు, ఆవిడ కదల్లేదు. కట్టర్ పిడితో కుడి భుజం మీద మోదాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆవిడ వాడి మణికట్టు పట్టి కొరికింది. కండ ఊడొచ్చేదాకా వదల్లేదు. అప్పటికి మెషిన్లన్నీ ఆపేసి షెడ్డంతా మా చుట్టూ చేరింది. కట్టర్ కింద పడింది.

గడియారం నేల మీద కూర్చుని నెత్తురు ఉమ్మాడు. అరవలేదు. మెల్లగా అన్నాడు.

"తాళం తియ్యమ్మా. అందులో ఉన్నది నా నంబరొక్కటే కాదు. నీదీ ఉంది. నన్ను తుడిచెయ్యనిస్తే ఇద్దరం బతుకుతాం."

బొంకుతున్నాడని మళ్ళీ కాలెత్తాను. వదిన వద్దంది. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెట్టెకు వీపు ఆనించి కూలబడింది. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకొని, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా రెండు గంటలు అలాగే కూర్చుంది. ఆ రెండు గంటల్లో ఎప్పుడైనా తాళం తీసి, ఆ బటన్ తనే నొక్కి ఉండొచ్చు. ఎవరూ ఆపేవాళ్ళు కాదు, నేనైతే అసలే ఆపేవాణ్ణి కాదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చాక ఎడమ చేత్తో తాళం తీసింది. స్విచ్ వేసి, వరుసలు పైకి జరుపుతూ పోయి ఒకచోట ఆపింది. పది నలభై ఆరుకు ఆటో స్టార్ట్, సూపర్‌వైజర్ నంబర్. మావాడు లోపల ఉన్నాడో లేడో చూడకుండా నొక్కాడన్నమాట. నేను గడియారం మీదికి ఉరికాను, నలుగురు పట్టుకున్నారు. వదిన దాని పై వరుస కూడా చూపించింది. పది నలభై రెండుకు గేటు బైపాస్, మెయింటెనెన్స్ నంబర్ నాలుగు. రిపేరు చేసేవాళ్ళు లోపల నిలబడి చెయ్యి కదిపి చూసుకోవడానికి ఇచ్చే నంబర్ అది, కొడితే గేటు తెరిచి ఉన్నా రోబో నడుస్తుంది.

ఆ నాలుగో నంబర్ ఎవరిదని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"నాదేనండి. మా ఆయనకు ఆ నంబర్ నేనే చెప్పాను. రోజూ తిట్లు తింటున్నాడని, గుల్ల ఇరుక్కుంటే నాకోసం చూడకుండా తనే తీసుకుంటాడని చెప్పాను. గేటు పనిచేస్తుంటే వీడు వందసార్లు నొక్కినా రోబో కదిలేది కాదు. ఇదీ రాసుకోండి."

సాయంత్రం భుజానికి కట్టుతో ఇంటికొచ్చింది. ఎలా జరిగిందని అమ్మ అడిగింది. గడియారం పేరు చెప్పి ఊరుకుంటుందేమోనని నేను ఆశపడ్డాను. ఊరుకోలేదు. నంబర్ సంగతి మొదట చెప్పింది, గడియారం సంగతి తర్వాత చెప్పింది. అమ్మ లేచి ఆవిడను కొట్టింది. చెంపల మీద, తల మీద, ఆఖరికి కట్టున్న భుజం మీద, చేతులు పడిపోయేదాకా కొట్టింది. వదిన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పొద్దున ఆవిడ కోసం ఒకడి ముక్కు పగలగొట్టినవాణ్ణి, గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాను. నాకూ కొట్టాలనే ఉంది.