ఖాజా మియా కొలిచిన బలం

మా వీధిలో ఒక కుర్రవాడు ఈ మధ్య తన కారుకు లావుపాటి పొగగొట్టం బిగించుకున్నాడు. పొద్దున్నే అది కదిలిందంటే మా కిటికీ అద్దాలు జల్లుమంటాయి, వంటింటి గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగులుకుంటాయి. నిన్న ఆ పొగ వరండా దాకా వచ్చింది. సగం కాలిన పెట్రోలు, వేడెక్కిన ఇనుము కలిసిన వాసన. చేతిలో పేపరు పక్కన పెట్టి కాసేపు కళ్ళు మూసుకున్నాను. ఇబ్రహీంపట్నంలో, నిజాం పాలన కాలంలో, పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో నాకు మోటారు పనీ, దానికి మించినదీ నేర్పిన ఖాజా మియా గుర్తొచ్చాడు. ఆయనను చూసినవాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది లేరు. అందుకే రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళయి ఒక కూతురు. మా ఊరి దొర కారు నడిపేవాణ్ణి. చుట్టుపక్కల పది ఊళ్ళలో కారు అదొక్కటే కాబట్టి, దాన్ని నడిపే నాక్కూడా కాస్త పొగరు ఉండేది. ఖాజా మియా మోటారు షెడ్డు నగరం వెళ్ళే బాట పక్కన ఉండేది. నాలుగు గుంజల మీద రేకులు, కింద నూనె తాగిన నేల. పొడుగ్గా, సన్నగా ఉండేవాడాయన. ఇంజను మీద ఒక వెదురు కర్ర ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, వైద్యుడు గుండె విన్నట్టు వినేవాడు. ఒకటికి రెండుసార్లు వింటేగాని నోరు విప్పేవాడు కాదు. నేను ఆయనను చిన్నాన్నను పిలిచినట్టు చిచ్చా అనేవాణ్ణి.

ఒకసారి దొర బొంబాయి నుంచి ఒక కొత్త పొగగొట్టం తెప్పించాడు. పాత సైలెన్సర్ తీసేసి అది పెడితే బండికి పది గుర్రాల బలం పెరుగుతుందని అమ్మినవాడు చెప్పాడట. ఖాజా మియా చేతనే బిగింపించాడు. బిగిస్తూనే ఆయన, దీంతో చప్పుడు పెరుగుతుంది తప్ప బలం రాదని అన్నాడు. దొర నన్ను అడిగాడు. ఆ గర్జన వింటూ నడిపిన నాకు బండి ఎగిరిపోతున్నట్టే అనిపించింది. బలం మస్తు పెరిగిందని చెప్పాను. ఆ మాట అబద్ధమనుకుని చెప్పలేదు. కాని దొరకు నచ్చే మాట నిజమై ఉండాలని నా మనసు ముందే కోరుకుందని ఇప్పుడు తెలుస్తోంది. ఆ తరువాత దొర ఎవరు వచ్చినా నన్ను పిలిచి అదే మాట చెప్పించేవాడు.

నెల తిరగకముందే నాదర్‌గుల్ బాటలో ప్రమాదం జరిగింది. బుచ్చయ్య అనే రైతు ఎడ్లబండిలో జొన్న బస్తాలు వేసుకుని ఎదురొస్తున్నాడు. మా కారు చప్పుడుకు ఎడ్లు బెదిరి కాడి విదిలించుకుంటూ పక్కకు పరుగెత్తాయి. బండి గుంతలో తిరగబడింది. బుచ్చయ్య కాలు చక్రం కింద విరిగింది. దొర కారులో ఉండగానే నేను దిగి చక్రం ఎత్తాను. అంతకు ముందు కూడా ఎడ్లు బెదిరిన సందర్భాలు ఉన్నాయి. రక్తం చూడటం మాత్రం అదే మొదలు.

రెండో రోజు ఖాజా మియా దొర ఇంటికి వచ్చాడు. ఆ గొట్టం తీసేయమని అడిగాడు. లాభం లేని చప్పుడు కోసం మనుషుల కాళ్ళు విరగొద్దన్నాడు. అరుగు మీద నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. దొర నవ్వి, లాభం ఉందో లేదో నా డ్రైవర్‌ను అడుగు అన్నాడు. నేను తల వంచుకుని ఉందన్నాను. అయితే కొలిచి చూద్దామన్నాడు ఖాజా మియా.

"కొలువు," అన్నాడు దొర. "బలం లేదని తేలితే గప్పుడే పీకిపిస్త. ఉన్నదని తేలితే మల్ల నా ముందల ఈ ముచ్చట ఎత్తొద్దు."

బొంగులూరు దగ్గర బాట కాస్త ఎత్తెక్కుతుంది. ఆ ఎత్తు కింద ఒక మైలురాయి, పైన ఒక తుమ్మచెట్టు. రాయి దగ్గరికి బండి ప్రతిసారీ ఒకే వేగంతో రావాలి, అక్కడి నుంచి చెట్టు దాకా యాక్సిలరేటర్ నిండా తొక్కాలి. ఖాజా మియా నా పక్కన కూర్చుని జేబు గడియారం చూస్తాడు. ఇంతవరకు సులువే. కాని ఆయన నా రెండు చెవుల్లో దూది కుక్కి, పైన రుమాలు గట్టిగా కట్టాడు. పాత సైలెన్సర్, కొత్త గొట్టం మార్చి మార్చి బిగించేటప్పుడు నన్ను దూరంగా పంపి వీపు తిప్పి కూర్చోమన్నాడు. అలా పొద్దంతా ఎనిమిదిసార్లు ఎక్కించాను. ఆఖరున కట్టు విప్పి, ఏ ఏ సార్లు కొత్త గొట్టం ఉందో చెప్పమన్నాడు. నేను చెప్పినవాటిలో సగం తప్పు. చప్పుడు వినపడకపోతే నా కాలికి ఏ బలమూ తెలియలేదు. చెమట తుడుచుకుంటూ, ఖాజా మియా గెలిచాడనుకున్నాను.

ఆయన ముఖం మాత్రం వాడిపోయి ఉంది. గడియారం ప్రకారం కొత్త గొట్టంతో ప్రతిసారీ రెండు సెకన్లు ముందుగా చెట్టు చేరాం. ఆ లెక్క చూసింది ఆయనొక్కడే. నాకు బుచ్చయ్య కాలు కళ్ళముందు మెదిలింది. రెండూ ఒక్క తీరుగానే ఉన్నాయని చెబితే అయిపోతుంది కదా అన్నాను.

"ఇయ్యాల ఎడ్ల కోసం అబద్ధం చెప్తె, రేపు నేను నిజం చెప్పినా ఎవడు నమ్మాలె, బేటా?" అన్నాడాయన.

ఆ సాయంత్రమే అరుగు ముందు నిలబడి, "దొరా, నేను తప్పు చెప్పిన. కొత్త గొట్టంతోని బండి జల్ది ఎక్కుతున్నది," అన్నాడు. గొంతు తగ్గించలేదు, సాకు చెప్పలేదు. దొర ఆనందం అంతా ఇంతా కాదు. ఊరి రైతులు మాత్రం ఖాజా మియాను తిట్టుకున్నారు. దొరకు భయపడ్డాడన్నారు. బుచ్చయ్య భార్య ఆయన షెడ్డు ముందు నుంచి వెళ్తూ ముఖం తిప్పుకోవడం నేను చూశాను. ఆయన కూడా చూశాడు.

మూడో రోజు నాకు కబురొచ్చింది. షెడ్డులో ఖాజా మియా పాత సైలెన్సర్‌ను నిలువునా కోసి నేల మీద పెట్టి ఉన్నాడు. లోపల సందు లేకుండా మసి గడ్డ కట్టి ఉంది. యుద్ధం రోజులు, పెట్రోలు దొరికేది కాదు. దొర చెప్పినట్టు కిరసనాయిలు కలిపి పోసింది నేనే. పొగ బయటికి పోయే దారి లేక ఇంజను ఊపిరాడక ఆయాసపడేదన్నమాట. ఆ రెండు సెకన్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఆయనకు రెండు రోజులు అంతు పట్టలేదట. అందుకని కోసి చూశాడు. మసి అంతా గీకి, మంటలో కాల్చి, రేకు మళ్ళీ అతికాడు. తిరిగి బొంగులూరు వెళ్ళాం, మళ్ళీ దూది, మళ్ళీ రుమాలు. శుభ్రం చేసిన పాత సైలెన్సర్‌తో బండి కొత్త గొట్టంతో ఎంతసేపటికి ఎక్కిందో అంతసేపటికే ఎక్కింది. గడియారం ముల్లు తేడా పట్టలేకపోయింది.

"పందేల మీద ఉరికే బండ్లకు ఏమన్న లాభం ఉంటదేమో, నాకు తెల్వది," అన్నాడాయన. "మన బాటల మీద ఇది తెచ్చిన బలం ఏం లేదు. మసి తిన్న బలం వాపస్ వచ్చింది, గంతే."

ఇక ఊరుకొమ్మని బతిమాలాను. ఒకసారి ఓడిపోయానని ఒప్పుకున్నవాడు, దొర అంత సంతోషంగా ఉండగా మళ్ళీ వెళ్ళి కాదంటే ఏమవుతుంది? షెడ్డు ఉన్న జాగా దొరదే. నా కొలువూ దొరదే. దొర కిరసనాయిలు కలిపించిన సంగతి కూడా పెద్దమనుషుల ముందు బయటికొస్తుంది. ఆయన అన్నీ విని, చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని బయలుదేరాడు. నేను వెనకాలే నడిచాను.

అరుగు మీద అదే పెద్దమనుషులు. ఖాజా మియా మొన్న తాను చెప్పింది సగమే నిజమని మొదలుపెట్టి, జరిగిందంతా చెప్పి, గిన్నెలో తెచ్చిన మసి చూపించాడు. దొర చాలాసేపు ఆ మసి వైపే చూశాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"నువ్వేమంటవ్‌రా యాదగిరీ? బలం ఉన్నదని రోజూ చెప్పినవ్ గద."

పక్కన ఖాజా మియా నావైపు చూడనైనా లేదు. చూసి ఉంటే ఆయన కోసం చెప్పానని తరువాత అనుకునేవాణ్ణేమో.

"సప్పుడు విని చెప్పిన దొరా. చెవులల్ల దూది పెట్టుకుంటే నాకు ఏం తెల్వలే," అన్నాను.

పెద్దమనుషుల్లో ఒకరు, వీళ్ళిద్దరూ కూడబలుక్కుని వచ్చారన్నాడు. దొర చెయ్యెత్తి ఆయనను ఆపాడు.

"మొన్న ఇదే జాగల నిలబడి ఓడిన అన్నోడు, ఇయ్యాల అబద్ధం ఎందుకు చెప్తడు? పీకెయ్ ఖాజా," అని లోపలికి వెళ్ళిపోయాడు.

గొట్టం ఆ రోజే పోయింది. వారం తిరక్కుండా నా కొలువూ పోయింది. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఖాజా మియా షెడ్డులో చేరాను. నన్ను చేర్చుకున్న మొదటి రోజే ఆయన పని చెప్పకుండా, బుచ్చయ్యను కలిశావా అని అడిగాడు. వెళ్ళాను. ఆ చప్పుడు అన్ని రోజులు నిలవడానికి నా మాట కూడా కారణమని చెప్పాను. బుచ్చయ్య కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చుని విన్నాడు. తరువాత భార్యను పిలిచి నాకు నీళ్ళిమ్మన్నాడు. క్షమించానని అనలేదు. ఆయన చివరిదాకా ఆ కాలితో కుంటుతూనే నడిచాడు. పాలన మారేదాకా ఖాజా మియా దగ్గరే పనిచేశాను. ఆ తరువాత ఆయన నగరంలో కూతురి దగ్గరికి వెళ్ళాడు. రెండు మూడుసార్లు వెళ్ళి చూశాను. నాలుగోసారి వెళ్ళేసరికి ఆయన లేడు.

నాకంటూ ఒక షెడ్డు పెట్టుకుని ముప్పై ఏళ్ళు నడిపాను. ఆయనంత పనివాణ్ణి కాలేకపోయాను. ఇంజను వినడంలో ఆయన చెవి నాకు రాలేదు. అబ్బింది ఒక్కటే. ఒకసారి ఒక లారీ యజమానికి గేరుపెట్టె పోయిందని గట్టిగా చెప్పి, అతను దిగులుగా ఇంటికి వెళ్ళాక విప్పి చూస్తే అది బాగానే ఉంది. లోపం పైన వదులైన ఒక చిన్న బోల్టులో ఉంది. మా పనివాళ్ళు, బోల్టు బిగించి ఊరుకుందాం, అడిగితే గేరుపెట్టె బాగుచేశామందాం అన్నారు. నేను చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, వాళ్ళ ఊరు నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళి, నేను చెప్పింది తప్పని అతని భార్యాపిల్లల ముందే చెప్పాను. వెళ్ళేటప్పుడు కాళ్ళు బరువుగా ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు ఆ నాలుగు మైళ్ళు ఎప్పుడు గడిచాయో తెలియలేదు.