కెప్టెన్ చేతులకు కట్టు కట్టిన రోజు

సముద్రాన్ని చేసినవాడు, దాని మీద తిరిగే ప్రతి ఓడలోని ప్రతి మనిషినీ పేరుపేరునా ఎరిగినవాడు, మన తండ్రి అయిన దేవునికే స్తోత్రం! సహోదరీ సహోదరులారా, ఈ నాలుగు మాటలు రాయడానికి నా చేతికి బలమిచ్చినందుకు ముందుగా ఆయనకు వందనాలు చెల్లిస్తున్నాను.

నా పేరు సుగుణ. మాది కాకినాడ దగ్గర ఉప్పాడ. సౌదీలో, ఎర్ర సముద్రం ఒడ్డునున్న రాబిగ్‌లో, ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సుగా పనిచేస్తున్నాను. మా ఆయన ఒక జపాన్ కంపెనీ ట్యాంకరు ఓడలో పంప్‌మాన్, అంటే డీజిలు ఎక్కించే పంపులూ దించే పంపులూ, వాటి వాల్వులూ అన్నీ ఆయన చేతి కింద ఉంటాయి. ఎర్ర సముద్రానికి దక్షిణాన యుద్ధం మొదలయ్యాక చాలా ఓడలు ఆ దారి వదిలేసి చుట్టూ తిరిగి పోయేవి, కానీ ఈ ముసలి ఓడ మాత్రం రాబిగ్‌లో డీజిలు నింపుకొని, కరెంటు పోయి ఆసుపత్రులన్నీ జనరేటర్ల మీద బతుకుతున్న ఆ యుద్ధపు రేవులకే వెళ్లేది, దించి ఖాళీగా తిరిగొచ్చేది, అలా ఏడుసార్లు వెళ్లి వచ్చింది.

ఆ రోజుల్లో నా బతుకు ఏం బతుకు! ఓడలు ఎక్కడున్నాయో చూపించే యాప్ ఒకటి ఉంటుంది, ఓడ మీద పనిచేసేవాళ్ల భార్యల ఫోన్లన్నిటిలోనూ ఉంటుంది. అందులో మా ఆయన ఓడ ఒక చిన్న చుక్క. పొద్దున లేస్తూనే ఆ చుక్క, అన్నం తింటూ ఆ చుక్క, ఇంజెక్షనుకూ ఇంజెక్షనుకూ మధ్య ఆ చుక్క. వాక్యం చదవడం మానేశాను, నిద్ర పట్టేది కాదు, చేతులు వణికేవి. మా అంబులెన్సు నడిపే మస్తాన్ భాయ్, కడప మనిషి, నన్ను చూసి నవ్వేవాడు. "ఏం సిస్టరమ్మా, ఫోన్లో ఓడను నువ్వే నడుపుతాండావా? అడ్డమొచ్చినోళ్లకు రోంత హారన్ కొట్టు!" నేనూ నవ్వేదాన్ని, కానీ ఫోను దించేదాన్ని కాదు. ప్రార్థన కూడా చేసేదాన్ని, అబద్ధమెందుకు? "ప్రభువా, నా భర్తను కాపాడు, ఆయన ఒక్కణ్ణి చాలు" అని, అది తప్ప ఇంకో మాట లేదు నా నోట.

ఎనిమిదోసారి వెళ్లి తిరిగొస్తున్నప్పుడు, ఒక శుక్రవారం పొద్దున, ఆ చుక్క మాకు దగ్గరే ఉన్న జెడ్డా తీరాన కనబడింది. ప్రమాదం దాటేశాడు! సిస్టర్ల క్వార్టర్సులో మేం పదిమందిమి తలుపు వేసుకొని, గొంతు తగ్గించుకొని ఆరాధించుకుంటాం, అక్కడ లేచి నిలబడి, నా భర్తను దేవుడు క్షేమంగా తెచ్చాడని కన్నీళ్లతో సాక్ష్యం చెప్పాను, అందరూ ఆమెన్ అన్నారు. సహోదరులారా, నేను ఆ సాక్ష్యం చెబుతున్న గంటలోనే, అక్కడికి ఎంతో దూరాన దక్షిణాన, ఆ ఓడ తగలబడుతోంది. యుద్ధంలో సిగ్నళ్లను చెడగొడతారట, ఓడ ఒకచోట ఉంటే ఫోనులో మరోచోట కనబడుతుందట. నేను దేవుణ్ణి నమ్మాననుకున్నాను, నమ్మింది ఆ చుక్కను.

సాయంత్రం కంపెనీ వాళ్లు ఫోను చేశారు. క్షిపణి తగిలి ఓడ మునిగిపోయింది. ఒక బోటులోని పద్నాలుగు మందిని రాబిగ్‌కు వస్తున్న సరుకు ఓడ ఎక్కించుకుంది, అందులో మీ భర్త లేరు, మిగతా ఆరుగురి కోసం వెతుకుతున్నాం అన్నారు. తప్పుడు సాక్ష్యం చెప్పానన్న సిగ్గు ఒకవైపు, భయం ఒకవైపు, నేల మీద కూర్చుని ఏడ్చాను. మాలో పెద్దదైన గ్రేస్ అక్క నా పక్కనే కూర్చుని, "పొద్దున నీ సంతోషానికి ఆమెన్ అన్నాం గదే చెల్లీ, ఇప్పుడు నీ ఏడుపుక్కూడా అంటాం" అని నన్ను దగ్గరకు తీసుకుంది.

ఆదివారం పొద్దున మస్తాన్ భాయ్ వచ్చి, ఈసారి నవ్వకుండా, "సిస్టరమ్మా, ఓడోళ్లు దిగినారు, తెస్తాండాం. నువ్వు ఇంటికి పోతావా?" అన్నాడు. ఉంటానన్నాను. వచ్చిన వాళ్లలో కెప్టెను, అరవై దాటిన జపాన్ మనిషి, రెండు చేతులూ కాలిపోయి ఉన్నాయి, అయినా మిగతా పదముగ్గురికీ మంచాలు దొరికేదాకా తాను కూర్చోలేదు. కట్టు కడుతూ నేను ఫలానా పంప్‌మాన్ భార్యనని చెప్పాను. ఆయన తలెత్తి నా ముఖంలోకి చూశాడు. తరువాత వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు: ఖాళీ ట్యాంకుల్లో డీజిలు ఆవిరి ఉంటుంది, మంట అక్కడికి పాకితే ఎవరూ మిగలరు, మీ భర్త వాల్వులు మూయడానికి వెళ్లాడు, వెళ్లమన్నది నేనే, ఆయన మూసినందుకే మా బోటు దిగింది. అలా చెప్పి, ఆ కాలిన చేతులతోనే లేచి నిలబడి, నా ముందు నడుము దాకా వంగాడు. వంగినవాడు లేవలేదు.

వెళ్లమన్నది నేనే! ఆ మాటకు నా చేతిలో బ్యాండేజీ ఆగిపోయింది. విసిరికొట్టి వెళ్లిపోదామనిపించింది. అప్పుడు లోపలినుంచి ఒక ప్రార్థన వచ్చింది, అది నేను నేర్చుకున్నది కాదు. "ప్రభువా, ఈయన చేతులు నా చేతుల్లో పెట్టావు. ముందు వీటికి కట్టు కట్టనివ్వు. నా సంగతి నువ్వే చూసుకో." అంతే! ఆయన్ను భుజాలు పట్టి కూర్చోబెట్టాను, కట్టడం మొదలుపెట్టాను, చూస్తే నా చేతులు వణకడం లేదు. నెలల తరబడి నన్ను పట్టుకున్న భయం వదిలిపోయింది. గమనించండి, అప్పటికి మా ఆయన కబురు ఏదీ రాలేదు. ఆయన ఉన్నాడో లేడో తెలియకుండానే నాకు విడుదల వచ్చింది!

మధ్యాహ్నం ఫోను మోగింది. "సుగుణా, నేనే. చెప్పులు సముద్రంలో పోయాయి గానీ మనిషిని ఉన్నాను. ఏడవకే బాబూ!" వాల్వులు మూసి ఆయన ఎక్కిన రెండో బోటును చేపలవాళ్లు చూసి, సౌదీలోనే దక్షిణపు కొసనున్న జిజాన్ రేవుకు చేర్చారు. దేవునికే మహిమ!

కానీ ఆ బోటులో ఐదుగురే ఉన్నారు. మా ఆయన కోసం రోజూ పచ్చిమిరపకాయలు దాచిపెట్టే ఫిలిప్పీన్స్ వంటాయన దొరకలేదు. కెప్టెనుకు ఆ సంగతి చెబితే, వంటాయన పేరు రెండుసార్లు మెల్లగా పలికాడు. తరువాత, "డీజిలంతా దించాకే మునిగింది నా ఓడ" అన్నాడు, కట్లలో ఉన్న చేతులతో కళ్లు తుడుచుకోలేకపోయాడు, నేను తుడిచాను.

అందుకే సహోదరులారా, దేవుడు నన్ను ఆ వంటాయన భార్యకంటే ఎక్కువ ప్రేమించాడని నేను అనలేను. ఆమె కూడా మోకరించే ఉంటుంది. నాకు తెలిసింది ఒక్కటే, జవాబు రాకముందే ఆయన మన దగ్గరకు వస్తాడు. భయంలో ఉన్నవారెవరైనా ఇది చదువుతుంటే, ఆయన్ను నమ్మండి, మీ ముందున్న మనిషి గాయం కడుతూ నమ్మండి. ఇప్పుడు ఎక్కడున్నవారు అక్కడే కళ్లు మూసుకొని నాతో కలిసి ప్రార్థించండి:

తండ్రీ, మేం పేరు ఎరగని ఆ సహోదరి ఇంట్లో ఈ రోజు నువ్వు ఉండు. ఆమె వంట చేసుకొనేటప్పుడు, పిల్లలు నాన్న ఏడని అడిగేటప్పుడు ఆమె పక్కన కూర్చో. ఇంకా నీళ్ల మీద ఉన్నవారందరినీ ఇంటికి చేర్చు. ఆమెన్.