పాలూ బ్రెడ్డూ పథ్యం

మా చిన్నప్పుడు తెనాలిలో కడుపునొప్పి అంటే చాలు... అన్నం మాన్పించేవారు. "అన్నం అరగదు, తేలిగ్గా తిను" అంటూ అమ్మ పాలల్లో బ్రెడ్డు నానబెట్టి ఇచ్చేది. పూట మారితే గోధుమరవ్వ జావ. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా ఇదే పథ్యం.

నాకు వారానికి నాలుగు రోజులు నొప్పే. అంటే నాలుగు రోజులూ బ్రెడ్డే... తిన్నకొద్దీ కడుపు ఉబ్బేది, ఒళ్ళంతా నీరసం. దానికన్నా ఘోరం, ఊరికే ఏడుపొచ్చేది. ఎవరైనా పలకరిస్తే కసురుకునేదాన్ని. ఇంట్లో నా పేరు ఏడుపుగొట్టు.

వేసవి సెలవుల్లో రేపల్లె అమ్మమ్మ దగ్గరికి వెళ్తే నెల తిరిగేసరికి మామూలైపోయేదాన్ని. అక్కడ మూడు పూటలా అన్నమే... పొద్దున్నే చద్దన్నంలో పెరుగు. మావాళ్ళకి అదే సాకుగా దొరికింది. "అక్కడ లేని నొప్పి ఇక్కడెందుకొస్తదే? బడి ఎగ్గొట్టడానికి నాటకాలు" అనేది అమ్మ. అన్నానికీ బ్రెడ్డుకీ ఉన్న తేడా ఒక్కరికీ తట్టలేదు.

నాన్న ఒక్కడైనా నమ్ముతాడనుకున్నాను. ఆరో తరగతిలో ఒక సాయంత్రం, ఆయన సైకిల్ వెనక కూర్చుని వస్తూ చెప్పాను.

"నాన్నా, నాకెందుకో ఎప్పుడూ ఏడుపొస్తోంది. నేనెవరికీ అక్కర్లేదనిపిస్తోంది. ఎవరికీ చెప్పకు."

"చెప్పనులేమ్మా" అన్నాడు.

ఆ ఆదివారమే బాపట్ల బాబాయి వాళ్ళు భోజనానికొచ్చారు. "మా అమ్మాయికి జీవితం మీద విరక్తి పుట్టిందిరా" అని నాన్నే నవ్వుతూ చెప్పేశాడు. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు... పెళ్ళయ్యాక కూడా.

ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చాక ఒక డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, కడుపులోకి గొట్టం వేసి చూసి, సీలియాక్ జబ్బన్నారు. గోధుమ నా ఒంటికి పడదట, బ్రెడ్డు చేసే మైదా కూడా గోధుమేనట. "ఆ దిగులు కూడా దీనివల్లే అయ్యుండొచ్చమ్మా, చాలామందిలో చూస్తుంటాం" అన్నారు. గోధుమ పూర్తిగా మానేశాక, కొన్ని నెలలకి నిజంగానే మనసు తేలికపడింది. నాన్న మీద కోపం మాత్రం పోలేదు.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "అప్పుడే చెప్పుంటే చూపించేవాళ్ళం కదమ్మా" అన్నాడు.

"చెప్పాను కదా నాన్నా."

"ఎప్పుడమ్మా?"

ఇప్పుడు పిల్లలు తుమ్మితే చాలు, ఆసుపత్రికి పరిగెడుతున్నాం... ఊరికే ఏడుపొస్తోందంటే మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాం. మీరూ ఎవరినో నమ్మి చెప్పుకుని, ఎందుకు చెప్పానా అనుకున్న రోజుంటే ఇక్కడ రాయండి... నేను నవ్వను.