పోలికల ముత్యాలరావు మాస్టారు

ముత్యాలరావు మాస్టారికి ఏ బొమ్మ చూపించినా అందులో ఎవరో ఒక చుట్టం కనపడతాడు. రాతి బొమ్మ కానీయండి, రంగుల పటం కానీయండి, బిస్కెట్ ప్యాకెట్ మీది బొమ్మయినా సరే. తల ఒక పక్కకి వాల్చి ఒక్క క్షణం చూసి, "అచ్చం మా ఫలానా" అనేస్తారు. చిక్కేమిటంటే ఆ పోలిక ఒక్కనాడూ కుదిరిన పాపాన పోలేదు. లెక్కల్లో పొరపాటన్నది ఎరగని ఆయన, మొహాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముక్కుకీ చెవికీ తేడా తెలియనట్టే మాట్లాడతారు.

ఈ పోలికలతో భార్య దుర్గాదేవి పడ్డ అగచాట్లు ఆవిడకే తెలుసు. మొన్న మేనకోడలి నిశ్చితార్థంలో గోడ మీది క్యాలెండర్లో మహిషాసురుణ్ణి చూసి, "అచ్చం మన కాబోయే వియ్యంకుడు గారే" అన్నారు మాస్టారు. ఆ దేహపుష్టి చూసి మెచ్చుకోలుగా అన్నానని తరవాత సంజాయిషీ కూడా ఇచ్చుకున్నారు. మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు నుంచి లేచిపోయారు. కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని వాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టేసరికి పప్పూ సాంబారూ చల్లారిపోయాయి.

ఏటా క్రిస్మస్ సెలవుల్లో ఒక రోజు మొగుడూ పెళ్ళాలు ఊళ్ళు తిరగడం వాళ్ళ అలవాటు. తెనాలిలో బయల్దేరే ముందు అక్కడి శిల్పాలు చూస్తారు. తరవాత బాపట్లలో పటాలు చూసి, దుర్గాదేవి చెల్లెలు దేవకుమారి ఇంట్లో భోంచేస్తారు. దుర్గాదేవి అక్కడే నడుం వాలిస్తే, మాస్టారు ఒక్కరే రేపల్లె వెళ్ళి వెంకటసుబ్బులు పిన్నిని చూసి వస్తారు. ఈసారి దుర్గాదేవి తనూ రేపల్లె వస్తానంది. ఊరికే రాలేదు, షరతు మీద వచ్చింది.

"చుట్టాల ఇళ్ళలో పోలికల ఊసెత్తకూడదు. ఎత్తారో, ఇక మీతో ఎవరి గుమ్మమూ తొక్కను."

"పిన్ని దగ్గర కూడానా?"

"అక్కడ మరీను. పెద్దావిడ."

మాస్టారు సరేనని తల ఊపి చెప్పులు తొడుక్కున్నారు.

తెనాలి ప్రదర్శనశాలలో పాత మోటారు సామాను అతికించి చేసిన ఇనుప సింహం ఉంది. మాస్టారు దాని ముందు ఆగారు.

"మా మేనమామ" అన్నారు.

"మీ మేనమామకి నోట్లో ఒక్క పన్ను లేదు."

"కూర్చున్న తీరు చూడు."

షరతు చుట్టాల ఇళ్ళకే కదా, ఇక్కడ కక్కేస్తే అక్కడ కడుపులో ఏమీ మిగలదని దుర్గాదేవి సహించింది. దాంతో మాస్టారు చెలరేగిపోయారు. గంట తిరిగేలోపు నందిలో తోడల్లుణ్ణి, గరుత్మంతుడిలో హెడ్మాస్టర్ని, తల ఇంకా అతకని నర్తకిలో వాళ్ళ పెద్దమ్మాయిని చూసేశారు.

"తల లేదండీ దానికి."

"అందుకే పోలిక బాగా తెలుస్తోంది."

బాపట్లలో కథ మారింది. అక్కడి పటాల గదిలో, తలకి తుండు చుట్టుకుని వల లాగుతున్న మనిషి బొమ్మ ఒకటుంది. బుర్ర మీసం, కోటేరు ముక్కు. మాస్టారు దాని ముందు చాలాసేపు నిలబడి, ఒక్క పేరూ చెప్పకుండా కదిలారు. ముప్పై ఏళ్ళ కాపరంలో ఇలాంటిది చూడని దుర్గాదేవికి గుండెల్లో రాయి పడ్డంత పనైంది.

దేవకుమారి ఇంట్లో మరీ విడ్డూరం. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆవిడ టీవీ పక్కనున్న కొయ్య ఏనుగుని చూపించింది.

"కొత్తగా కొన్నాం బావగారూ. ఎవరిలా ఉందో చెప్పండి."

మాస్టారు గోంగూర ముద్ద నోట్లో కుక్కుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతి కష్టం మీద మింగారు.

"ఏనుగులా ఉందమ్మా" అన్నారు.

దేవకుమారి గరిటె పట్టుకునే వంటింట్లో ఉన్న అక్క దగ్గరికి వచ్చింది. "అక్కా, బావగారికి ఒంట్లో బాగోలేదా ఏంటి?"

చెరుకుపల్లి మీదుగా రేపల్లె వెళ్ళే బస్సులో కూడా ఆయన నోరు విప్పలేదు. అన్న మాట నిలబెట్టుకుంటున్నారని దుర్గాదేవి సంతోషించింది కానీ, ఆ మొహం చూస్తే జాలీ వేసింది.

వెంకటసుబ్బులు పిన్ని తన కొడుకు ఇంటి అరుగు మీద కూర్చుని ఎండు రొయ్యలు ఏరుతోంది. వీళ్ళని చూడగానే చేతులు దులుపుకుంది.

"రారా ముత్యాలూ. అమ్మాయిని కూడా తెచ్చావు, మంచి పని చేశావు. ఊఁ, చెప్పు. ఈసారి మీ బాబాయి ఎక్కడ కనపడ్డాడు?"

మాస్టారు భార్య వంక చూశారు.

"ఎక్కడా కనపడలేదు పిన్నీ."

బాబాయి వీళ్ళ పెళ్ళికి చాలా ముందే పోయాడు. నిజాంపట్నం వైపు చేపల పడవ నడిపేవాడు. ఉన్న ఒక్క పెళ్ళి ఫొటో ఉప్పెనలో కొట్టుకుపోయింది. ఇంకోటి తీయించుకుందామని అంటూ అంటూనే మనిషి దాటిపోయాడు.

"పోన్లే" అంది పిన్ని. మళ్ళీ రొయ్యల్లో పడింది. తల ఎత్తకుండానే అంది. "నాకూ మళ్ళీ కనపడట్లేదురా. కళ్ళు మూసుకుంటే చొక్కా వస్తుంది, మొహం రాట్లేదు. మొగుడి మొహం మర్చిపోయానని ఎవరితో చెప్పుకోను?"

దుర్గాదేవికి అప్పుడు అర్థమైంది. ఏ మాట రాకుండా ఉండాలని పొద్దుట్నుంచీ కాపలా కాసిందో, ఆ మాట కోసమే ఈ ముసలావిడ ఏడాదంతా ఎదురుచూసింది.

"కనపడ్డారు పిన్నిగారూ" అంది. "ఈయన చూళ్ళేదు, నేను చూశాను. బాపట్లలో. తలకి తుండు చుట్టుకుని వల లాగుతున్నారు. ఇంతేసి మీసం."

పిన్ని చేతిలో రొయ్య చేతిలోనే ఉండిపోయింది.

"మీసమా? ఆయనకి మీసం ఎక్కడిదమ్మాయ్? నున్నగా గీయించుకునేవాడు."

దుర్గాదేవి నాలిక్కరుచుకుంది. మాస్టారు మాత్రం ముందుకి జరిగారు.

"ఉంది పిన్నీ, నాకిప్పుడు గుర్తొస్తోంది. ముక్కు కూడా కోటేరు వేసినట్టుంది."

"నీ మొహం. బండముక్కురా ఆయనది. పై పన్ను చివర విరిగి ఉండేది, గాలం దారం కొరికీ కొరికీ. నవ్వితే ఎడం కన్ను ముందు మూసుకునేది. గడ్డం మీద ఇక్కడ, ఇదిగో ఇక్కడ, చిన్న సొట్ట." పిన్ని తన గడ్డం మీదే వేలు పెట్టి ఆగింది. "ఇదిగో, వచ్చాడు" అంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. టీ పెడతానని హుషారుగా లోపలికి వెళ్ళింది.

"మీకు మీ బాబాయి మొహం గుర్తుందా?" అంది దుర్గాదేవి గొంతు తగ్గించి.

"ఎత్తుకుని పెంచాడు, ఎందుకు గుర్తుండదు? సరిగ్గా చెబితే ఊఁ అని ఊరుకుంటుంది. తప్పు చెబితే దిద్దుతుంది. దిద్దాలంటే గుర్తు చేసుకోవాలిగా."

"మరి ఊళ్ళో వాళ్ళందరికీ ఎందుకండీ ఆ తప్పులు?"

"తన ఒక్కదాని దగ్గరే తప్పు చెబితే పిన్ని కనిపెట్టెయ్యదూ? వీడి తీరే అంత అని ఊరంతా అనుకోవాలి. మర్చిపోతున్నానని ఎవరికీ చెప్పొద్దని మొదట్లోనే అంది. నీక్కూడా."

ముప్పై ఏళ్ళుగా ఈయన్ని చూసి తను సిగ్గుపడుతూ వచ్చినందుకు దుర్గాదేవికి ఇప్పుడు సిగ్గేసింది.

పిన్ని టీ గ్లాసులు తెచ్చి ఇచ్చి, దుర్గాదేవి పక్కనే చతికిలబడింది.

"మీసం బాగా గుబురుగా ఉందా అమ్మాయ్?"

"గుబురేనండి."

"పెళ్ళయిన కొత్తలో పెంచమని ఎంత బతిమాలానో. ఉప్పునీళ్ళకి దురదని విన్నాడు కాదు." పిన్ని తృప్తిగా తల ఊపింది. "పోన్లే. అక్కడికి వెళ్ళాకైనా నా మాట విన్నాడు."