క్రేను దారి కింద టీ బెంచీ

కోవిడ్ సద్దుమణిగిన ఏడాది, హిందీ మాట్లాడే ప్రాంతంలో, జాముల్ దగ్గర, ఉక్కు కడ్డీలు చేసే ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో క్రేన్ల మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేరాను. నాకు అదే చివరి పోస్టింగు. సేఫ్టీ ఆఫీసరు లక్ష్మి అక్కడికి దగ్గర్లోనే మరోదా అనే పేటలో పుట్టిపెరిగిన మన తెలుగమ్మాయే. హోదాలో నాకన్నా ఒక మెట్టు తక్కువ. అయినా ప్రమాదం జరిగాక ఆమె సంతకం పడనిదే క్రేను కదలకూడదు. ఈ ఏర్పాటు చేసింది ఎవరో గాని, మా యజమాని కాదని మాత్రం చెప్పగలను.

నేను చేరిన కొత్తలోనే స్లింగు, అంటే బరువును కొక్కేనికి తగిలించే ఉక్కు తాడు, తెగింది. కడ్డీల కట్ట కిందపడి, ఒక కడ్డీ ఎగిరి ఫిట్టరు రమణ కాలి వేలు విరగ్గొట్టింది. అతణ్ని ఆస్పత్రికి పంపి అందరం "ఇంకా నయం" అనుకున్నాం. మనవాళ్ల ప్రథమ చికిత్స ఆ మాటతోనే మొదలవుతుంది.

లక్ష్మి మమ్మల్ని వెళ్లనివ్వలేదు. ఆమె పద్ధతి ఒకటుంది: "ఇంకా నయం" అన్నవాడు ఆ మాట పూర్తి చెయ్యాలి. ఇంతకన్నా ఘోరం ఎలా జరిగి ఉండేదో అక్కడే నిలబడి చెప్పాలి.

"వేలుతో పోనాది, కాలు పోనేదు," అన్నాడు ఫోర్‌మన్ నాయుడు.

"అది నేనూ సూసేను బాబూ. ఇంకేటి?" అంది లక్ష్మి అతని యాసలోనే.

క్రేను ఆపరేటరు యాదవ్, టీ టైము కాలేదు కాబట్టి బతికిపోయామని హిందీలో గొణిగాడు.

"టీ టైమైతే క్యా హోతా, భయ్యా?" ఏమయ్యేదో చెప్పమంది లక్ష్మి.

యాదవ్ పక్కకు చూశాడు. మేమూ చూశాం. కట్ట పడిన చోటికి ఆనుకునే మా టీ బెంచీ. పక్కన పెద్ద ఫ్యాను; షెడ్డులో చల్లగా ఉండేది అక్కడే. షిఫ్టంతా రోజూ టీకి అక్కడే కూర్చునేది, నాతో సహా. లారీల లోడింగు కోసం టీ టైములోనూ క్రేను మా నెత్తిమీద తిరుగుతూనే ఉండేది.

బెంచీ బయటి గోడ పక్కకు చేరేదాకా ఆమె సంతకం పెట్టలేదు. యజమాని నెహ్రూ నగర్‌లోని తన ఇంటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. బెంచీ జరుగుతోందని ప్రతిసారీ మర్యాదగా చెప్పింది. ఆ వేసవంతా ఎండలో వేడి టీ తాగాం. "దీదీ మనల్ని కాపాడి సంపేత్తాది," అని నాయుడు రోజూ విసుక్కునేవాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు టీ టైములో క్రేను బ్రేకు జారింది. లోపల చప్పుడు విని పరిగెత్తాం. బెంచీ ఉండే చోట కడ్డీల కట్ట పడి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. నాయుడు చేతిలో టీ గ్లాసుతోనే, "ఇంకా నయం," అన్నాడు.

ఈసారి లక్ష్మి పూర్తి చెయ్యమనలేదు.

జరిగిన ప్రమాదాన్ని ఎవరైనా తనిఖీ చేస్తారు. జరగనిదాన్ని కూడా అంతే శ్రద్ధగా తనిఖీ చెయ్యాలని, సర్వీసు చివర్లో, నాకన్నా చిన్న ఆఫీసరు దగ్గర నేర్చుకున్నాను. ఇంకా నయం, రిటైరయ్యాక కాదు.