గంగన్న తెల్లగీత

ఈ ఉదయం ఒక పికప్ కింద పడుకుని పాన తిప్పితే, నట్టు కదలకముందే టిక్కుమంది. సరిపడా బిగువు ఉందని ఆ పాన చెప్పే తీరు అది. ఏళ్లుగా వింటున్న చప్పుడే. అయినా విన్న ప్రతిసారీ పక్కన ఒకాయన ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టే ఉంటుంది. ఆయన మా గంగన్న.

దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో మా గ్యారేజ్‌కు వచ్చేవి ఎక్కువగా ఇసుక దిబ్బలెక్కే బండ్లు. పాత స్ప్రింగులు తీసి పొడవైనవి వేసి, బండి ఎత్తు పెంచుతాం. గంగన్న మా ఫోర్‌మన్, జగిత్యాల వైపు మనిషి. బిగించిన ప్రతి నట్టు మీదా తెల్లరంగుతో గీత గీయించేవాడు. నట్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. అంతటితో ఊరుకునేవాడు కాదు. కొత్త సామాను బరువుకు సర్దుకునేకొద్దీ బిగువు తగ్గుతుందని, ఐదువందల కిలోమీటర్లు తిరిగాక బండి మళ్లీ తెమ్మనేవాడు. బాగా నడుస్తున్న బండిని ఎవరు తెస్తారు? తానే ఫోన్లు చేసి బతిమాలేవాడు. అలిగిన అల్లుడిని పిలిచినట్టు పిలుస్తాడని మేము నవ్వుకునేవాళ్లం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. అప్పటికి పని మొత్తం వచ్చేసిందనే పొగరు నాది.

మా పనిలో కొన్ని బోల్టులు బండి లిఫ్టు మీది నుంచి కిందికి దిగి, బరువు చక్రాల మీద పడ్డాకే చివరిగా బిగించాలి. ఒక గురువారం సాయంత్రం, బండి ఇంకా పైన ఉండగానే నేను వాటికి తెల్లగీతలు పెట్టేశాను. దించాక బిగిస్తే సరిపోతుందనుకున్నాను. దించేసరికి బండి ఓనరు తొందరపడ్డాడు, గీతలు చూసి నేనూ పని అయిపోయిందనుకున్నాను. బండి వెళ్లిపోయింది.

మరునాడు సెలవు శుక్రవారం, మేముండే క్యాంపులో అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. ఆ ఓనరు మధ్యాహ్నం పిల్లలతో దిబ్బలకు వెళ్తానని నాతోనే అన్నాడు. చెబితే ఉద్యోగం పోతుందేమో. చెప్పకపోతే? లేచి వెళ్లి గంగన్నకు చెప్పేశాను. ఆయన కంచంలోనే చెయ్యి కడిగి, బండి కదపొద్దని ఓనరుకు ఫోన్ చేశాడు. తర్వాత నావైపు చూసి, "యల్లా, నడువు" అన్నాడు.

గ్యారేజ్‌లో పాన, తెల్లరంగు తీసుకుని టాక్సీలో అల్ వక్రా చేరేసరికి ఓనరు ఇంటి ముందు బండి నిలిచి ఉంది. వెనక సీట్లో ఎనిమిదేళ్ల పాప అప్పటికే ఎక్కి కూర్చుంది. గంగన్న ఉతికిన తెల్లచొక్కాతోనే బండి కిందికి దూరాడు. మొదటి నట్టు సగం చుట్టు తిరిగాక గానీ టిక్కుమనలేదు. పాన నా చేతికిచ్చి, మిగతావన్నీ నాచేతే బిగింపించాడు. పాత గీతలు తుడిపించి కొత్తవి పెట్టించాడు. ఓనరు ఏమైందని అడిగితే, మావల్ల తప్పయిందని గంగన్న హిందీలో ఒప్పుకున్నాడు. నా పేరు ఎత్తలేదు. బండి దిగి వచ్చి వంగి చూస్తున్న పాపకు ఆ గీత ఎందుకో తనకొచ్చిన అరబీలో చెప్పాడు.

తిరుగు దారిలో, ఎందుకు తిట్టలేదని అడిగాను.

"తప్పు అందరం జేస్తం తమ్మీ. నువ్వు జెప్పకుంటే ఏమయ్యేటిదో సోంచాయించు. జెప్పినవ్, సాలు."

ఆ తర్వాత నేను బిగించినవి కూడా ఆయన మళ్లీ చూస్తూనే ఉన్నాడు. ఒకరోజు ఉక్రోషం ఆపుకోలేక, నా మీద ఇంకా నమ్మకం కుదరలేదా అన్నాను.

"నమ్మకం నీ మీద ఉన్నది. ఇనుము మీద లేదు" అన్నాడు. నాకు అంత గౌరవం ఇంకెవరూ ఇవ్వలేదు.

గంగన్న పని మానుకుని ఊరెళ్లి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఫోర్‌మన్ నేనే. బతిమాలే ఫోన్లు నావి, నవ్వే మూక మరొకటి. కానీ ఈరోజు పికప్‌కు నేను ఫోన్ చేయలేదు. ఐదువందలు దాటాయంటూ దాన్ని కొన్న అమ్మాయే నడుపుకుంటూ వచ్చింది. నేను బండి కింద ఉన్నంతసేపూ చక్రం దగ్గర వంగి గీతలు లెక్కపెట్టింది. పన్నెండేళ్ల కిందట అల్ వక్రా ఇంటి ముందు అలాగే వంగి చూసిన పాప ఆమే. సొంత బండి కొన్నాక వాళ్ల నాన్న చెప్పిన మొదటి మాట ఈ గీతల గురించేనట.

ఆగలేక గంగన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఒక్క నట్టు కూడా కదల్లేదన్నాను. ఆయన వెంటనే అడిగాడు.

"మంచిది. మల్ల ఎప్పుడు రమ్మన్నవ్?"

ఆమెకు ఆ మాట చెప్పడమే మరిచిపోయాను. ఫోన్ పట్టుకునే, బయటికి కదులుతున్న ఆమె బండి వెనక గేటు వైపు పరుగెత్తాను.