అంగూర్ తోటలో బడి

మనోరమ అలియాబాద్‌కు కోడలిగా వచ్చేనాటికి ఆమె మామ యాదగిరిరెడ్డి అంగూర్ తోట ద్రాక్షగుత్తులతో పచ్చగా ఉండేది. తర్వాత బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. తొంభై ఆరులో తోట తీసేశారు. కరీంనగర్ రోడ్డు పక్కన, కాయలు పెట్టెలకెత్తే రేకుల షెడ్డు ఒకటి ఖాళీగా మిగిలింది.

మనోరమ డిగ్రీ చదివింది. కూతురు అశ్రితకు మూడేళ్లు నిండాయి. అంత చిన్నపిల్లలను చేర్చుకునే ప్రైవేటు బడి కావాలంటే మేడ్చల్ పోవాలి. ఒకరోజు మామకు అన్నం వడ్డిస్తూ షెడ్డు అడిగింది.

"బడి పెడ్తవా? అఆలు నేర్పుతవా?"

"ఇప్పుడే నేర్ప మామా. పాటలు, కతలు, ఆటలు. బడంటే భయం పోతది."

"ఆడుకునేటందుకు బడి ఎందుకు బిడ్డా? గల్లీ లేదా?" అని నవ్వాడు గాని, తాళంచెవి ఇచ్చాడు.

షెడ్డులో పురుగుమందుల వాసన పోయేదాకా మనోరమ, ఆయాగా ఒప్పుకున్న దుర్గమ్మ కలిసి కడిగారు. సున్నం వేసినా గోడల మీద తోట మందులో కలిపే మైలుతుత్తం మరకలు నీలంగా పైకి తేలాయి. బడి మొదలయ్యాక తల్లులు కంచె బయటే కూర్చునేవారు. వాళ్లను చూసి పిల్లలు ఇంకా ఏడ్చేవారు. దుర్గమ్మ కిటికీలకు పాత చీరలు కట్టింది.

"మా పోరనికి ఒక్క అచ్చరం రాలే" అని కొందరు తండ్రులు పిల్లలను మానిపించారు. మనోరమ పలకలు మాత్రం తెప్పించలేదు.

రోడ్డుకు అవతల కొత్త కాలనీ లేచింది. తెనాలి వైపు నుంచి వచ్చిన పార్వతీదేవి తన కొడుకు నాగసాయిని చేర్చింది. కొన్నాళ్లకే ఫిర్యాదుతో వచ్చింది.

"మావాడు ఇంట్లో 'ఇగ జల్ది పెట్టు' అంటున్నాడండీ."

"అంటే ఆకలైతాంది అన్నట్టు. పెట్టుండ్రి" అంది మనోరమ.

పార్వతీదేవికి నవ్వు ఆగలేదు. టీచర్ ట్రైనింగ్ చేసిన ఆమె, మరుసటేడు అక్కడే పంతులమ్మగా చేరింది. ఊరి పిల్లలు, కాలనీ పిల్లలు కలిసి షెడ్డు నిండింది. పక్కన ఇంకో గది కట్టారు.

రెండువేల ఐదులో భూముల ధరలు పెరిగాయి. ఒక ఉదయం కొందరు మనుషులు వచ్చి, పిల్లలు ఆడుకునే ఇసుకలో హద్దురాళ్లు పాతారు. మామ ఆ స్థలాన్ని ప్లాట్ల వెంచరుకు అమ్మేసిన సంగతి మనోరమకు అలా తెలిసింది.

"అమ్మేముందు నాతోని ఒక మాట అనొచ్చు గదా మామా" అంది ఆ సాయంత్రం.

"భూమి నాది గదా బిడ్డా."

"భూమి మీదే. పిల్లలను పిలిచింది నేను."

ఆమె భర్త సుధాకర్ కల్పించుకున్నాడు.

"పరేషాన్ ఎందుకు? ఇంకో దిక్కు పెద్ద స్కూలు కడ్దం. పది దాంక. నువ్వే ప్రిన్సిపాల్."

"నాకు పది దాంక వద్దు. నేను చిన్నపిల్లలతోనే ఉంట."

యాదగిరిరెడ్డి కొన్నవాళ్లతో మాట్లాడి, ఎండాకాలం సెలవులదాకా గడువు తీసుకున్నాడు. ఆ తర్వాత బడి కాలనీలోని పార్వతీదేవి ఇంటి కింది భాగానికి మారింది. అక్కడ బాగా నడిచింది. నాగారంలో ఇంకొకటి తెరిచారు. అయితే లారీల రోడ్డు దాటించి పంపడానికి అలియాబాద్ తల్లులు ఒప్పుకోలేదు. ఆటో పెట్టినా ఇద్దరు ముగ్గురే వచ్చారు. తన ఊరి పిల్లలు ఇంట్లోనే ఉండిపోవడం మనోరమకు ముల్లులా గుచ్చుకునేది.

రెండువేల తొమ్మిదిలో ఆమె మామ దగ్గరికి వెళ్లి, ఊరి పిల్లల బడికి ఇంటి ముందుగది అడిగింది. భూముల బేరాలకు, పార్టీ మాటలకు మనుషులు వచ్చి కూర్చునే గది అది.

"మరి వచ్చెటోళ్లు యాడ కూసుంటరు?"

"ఎనుక వరండ ఉంది గద."

"సరే తియ్యి" అన్నాడు.

జూన్‌లో దుర్గమ్మ ఆ గదిలో చాపలు పరిచింది. మొదటి వారమంతా ఏడుపులే. యాదగిరిరెడ్డి ఆ గోల భరించలేక పొద్దున్నే శామీర్‌పేట వెళ్లిపోయేవాడు. వర్షాలు పడి, లోపల ఏడుపులు పోయి పాటలు మొదలయ్యాక వెళ్లడం మానేసి, వెనక వరండాలో కుర్చీ వేయించుకున్నాడు.